ఫోనైనా, పాత కెమెరా అయినా: గోదారి గట్టున బెరుకు లేకుండా ఫోటోలు తీయడం ఎలా

కోనసీమలో ఏ ఊళ్ళోనైనా కెమెరా పట్టుకుని వీధిలోకి వెళ్ళండి. పది అడుగులు వేసేలోపు ఎవరో ఒకరు అడుగుతారు: "ఎవరి తాలూకండీ మీరు?" కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు చాలామంది అక్కడే చల్లబడిపోతారు. ఇంటికొచ్చి, "పెద్ద లెన్సు ఉంటే దూరం నుంచే తీసేద్దును" అనుకుంటారు. నలభై వేలు పోసి ఆ లెన్సు కొన్నాక కూడా అదే వీధిలో అదే ప్రశ్న ఎదురవుతుంది.

బెరుకు రెండు రకాలు. కెమెరా చేతిలో తిరగక వచ్చేది ఒకటి, మనుషుల ముందు నిలబడలేక వచ్చేది ఇంకొకటి. మొదటిది కొన్ని వారాల సాధనతో పోతుంది. రెండోదానికి కాస్త పద్ధతి కావాలి. రెండింటికీ పెద్దగా ఖర్చు లేదు. ఈ కింద చెప్పినవి ఇదే వరసలో చేసుకుంటూ రండి.

1. మీ కెమెరా సత్తా ఎంతో లెక్కేసుకోండి

గోడకి తగిలించుకునే 12×8 అంగుళాల ప్రింటుకి, అంగుళానికి 300 చుక్కల చొప్పున, 3600×2400 పిక్సెళ్ళు కావాలి. అంటే 86 లక్షలు, మెగాపిక్సెళ్ళలో 8.6. ఇవాళ మామూలు ఫోన్లలో కూడా చాలావాటికి 12 మెగాపిక్సెళ్ళకు తక్కువ ఉండటం లేదు. ఎవరి పెళ్ళికో కొని బీరువాలో పడేసిన పాత డీఎస్ఎల్ఆర్‌లో (లెన్సు మార్చుకునే పెద్ద కెమెరా) కూడా మామూలుగా ఆ 8.6 కంటే ఎక్కువే ఉంటాయి. నమ్మకం కుదరకపోతే, పగటి వెలుతురులో తీసిన ఫోటో ఒకటి ఎంచి ల్యాబ్‌లో 12×8 తీయించి చూడండి. ఆ ఫోటోని వాట్సాప్‌లో మామూలుగా పంపకండి, అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్ళండి.

చేతకానివి కూడా ఒప్పుకోవాలి. కోరింగ మడ అడవిలో అవతలి గట్టున కూర్చున్న లకుముకి పిట్ట ఫోన్‌కి అందదు. వేళ్ళతో స్క్రీన్ సాగదీసి జూమ్ చేస్తే పిట్ట దగ్గరకు రాదు, ఫోటో పాడవుతుంది. ఆ ఆశ ఇప్పటికి వదిలేయండి. పది అడుగుల లోపల దొరికేవే డెల్టాలో ఒక జన్మకు సరిపోతాయి.

ఆ పది అడుగుల మీద పట్టు రావాలంటే జూమ్ మానేయాలి. ఫోన్‌లో 1ఎక్స్ దగ్గరే ఉండండి. డీఎస్ఎల్ఆర్‌తో వచ్చే 18–55 మి.మీ. లెన్సు ఉంటే జూమ్ రింగుని 35 దగ్గర పెట్టి సెల్లో టేపు అంటించేయండి. ఆ తరహా కెమెరాల్లో 35 అంటే పాత ఫిల్మ్ కెమెరా మీద 50 మి.మీ. లెన్సు చూపించే దృశ్యానికి దగ్గరగా ఉంటుంది. ఫ్రెంచి ఫోటోగ్రాఫర్ కార్టియే బ్రెసోఁ అంతటివాడు తన పనిలో ఎక్కువ భాగం 50 మి.మీ. లెన్సుతోనే కానిచ్చాడు. కొన్నాళ్ళకు కెమెరా ఎత్తకముందే ఫ్రేములో ఏది పడుతుందో ఏది పడదో మీకు తెలిసిపోతుంది. అప్పుడిక తడబాటు ఉండదు.

2. ఒక రేవు పట్టుకోండి

ప్రతి ఆదివారం కొత్త ఊరు వెతుక్కోవడం సరదాగానే ఉంటుంది గానీ దాంతో చెయ్యి తిరగదు. ఇంటికి దగ్గరలో ఒక చోటు ఎంచుకుని అక్కడికే మళ్ళీ మళ్ళీ వెళ్ళండి. పడవ రేవు కావచ్చు, కాలవ లాకులు కావచ్చు, సంత కావచ్చు. రోజూ కనిపించేవాడిని ఊరు పట్టించుకోవడం మానేస్తుంది. మీకు కావలసింది సరిగ్గా అదే.

చోటు ఎంచేటప్పుడు సూర్యుడు ఎటు ఉంటాడో చూసుకోండి. రాజమహేంద్రవరం గోదావరికి తూర్పు గట్టున, కొవ్వూరు పడమటి గట్టున ఉన్నాయి. కాబట్టి నీళ్ళ మీద సూర్యాస్తమయం కావాలంటే రాజమహేంద్రవరం పుష్కర ఘాట్, నీళ్ళ మీద సూర్యోదయం కావాలంటే కొవ్వూరు గోష్పాద క్షేత్రం. గోదారి పాయ వశిష్ట మీద కూడా ఇదే లెక్క: నర్సాపురం వైపు నుంచి ఉదయం, పంటు దాటి సఖినేటిపల్లి వైపు నుంచి సాయంత్రం. మే నెలలో ఐదున్నరకే తెల్లారిపోతుంది, ఏడున్నరకల్లా వెలుతురు కళ్ళు చికిలించేలా ఉంటుంది. సంక్రాంతి రోజుల్లో సూర్యుడు ఆరున్నర దాటాక గానీ రాడు. వచ్చాక కూడా మంచు పొర వల్ల ఇంకాసేపు మెత్తని వెలుతురు ఉంటుంది. కొత్తవాళ్ళు మొదలుపెట్టడానికి నా ఉద్దేశంలో డిసెంబరు, జనవరి నెలల్ని మించినవి లేవు.

ఆర్చి వంతెన వెనక దిగే సూర్యుణ్ణి అందరూ తీశారు. మీరూ ఒకసారి తీసి ఆ ముచ్చట తీర్చుకోండి. తర్వాత వెనక్కి తిరగండి. అదే ఎర్రటి వెలుతురు మెట్ల మీద బఠాణీలు తింటున్నవాళ్ళ ముఖాల మీద పడుతూ ఉంటుంది. దాన్ని తీసేవాళ్ళు తక్కువ.

జూలై, ఆగస్టుల్లో గోదారి పోటెత్తినప్పుడు మాత్రం సాహసాలు వద్దు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మొదటి హెచ్చరిక వచ్చాక లంకల్లోకి ఫోటోల కోసం వెళ్ళడం మీకూ ప్రమాదమే, అక్కడ సామాన్లు ఎత్తుకుంటున్నవాళ్ళకూ అడ్డమే. రైలు పట్టాల మీద నడిచి వంతెన ఫోటోలు తీయడం ఎప్పుడైనా నేరమే. గ్యాస్ బావుల దగ్గర కెమెరా బయటికి తీయకండి.

3. వెలుతురు తగ్గించే పెంచే మీట ఒక్కటి నేర్చుకోండి

కెమెరాలో ఉన్న బటన్లన్నీ చదవనక్కర్లేదు. ముందు ప్లస్, మైనస్ గుర్తులున్న ఎక్స్‌పోజర్ బటన్ ఒక్కదాన్ని లొంగదీసుకోండి. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద వేలుతో తాకగానే పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, దాన్ని పైకీ కిందకీ జరపడమే.

సార్వా నాట్లకు ముందు దమ్ము చేస్తున్న చేలోకి వెళ్ళండి. ట్రాక్టర్ వెనకే కొంగలు బారుగా నడుస్తుంటాయి. చక్రం తిరగేసిన బురదలోంచి పురుగు బయటపడగానే మెడ చాచి అందుకుంటాయి. ఫోన్ ఎత్తి మామూలుగా ఒకటి తీసి చూడండి. బురద చక్కగా వస్తుంది. కొంగలు మాత్రం సున్నం మరకల్లా ఉంటాయి, ఒక్క ఈక కనబడదు. కెమెరా తన ముందున్న దృశ్యాన్నంతా సగటున మధ్యరకం బూడిద రంగు వెలుగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేములో ముప్పాతిక మువ్వీసం నల్ల బురదే కాబట్టి, చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేసింది. ఇప్పుడు కొంగ మీద వేలు పెట్టి సూర్యుణ్ణి కిందకి జరపండి, కెమెరాలో అయితే −1 పెట్టండి. బురద ఇంకా నల్లబడుతుంది, పోనివ్వండి. రెక్క మడత, మెడ వంపు, ముక్కు పసుపు అన్నీ వచ్చేస్తాయి.

అదే కొంగ డిసెంబరు పొద్దున పొగమంచులో గట్టు మీద నిలబడితే కథ తిరగబడుతుంది. ఇప్పుడు ఫ్రేమంతా తెలుపు. కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, మంచు కాస్తా మురికి బూడిద రంగుకి దిగుతుంది. ఇక్కడ +1 పెట్టాలి. నర్సాపురంలో తెల్లదారంతో అల్లిన లేసు దగ్గరగా తీసినా, ఉతికిన పంచెలు తీగ మీద ఆరేసి ఉన్నా ఇదే లెక్క. గేదె ముఖం ఫ్రేము నిండా వస్తే మళ్ళీ మైనస్.

కొన్నాళ్ళు ఏ దృశ్యాన్నయినా −1, 0, +1 మూడూ తీయండి. స్క్రీన్ చూడకముందే ఏది బాగుంటుందో మనసులో అనుకోండి, తర్వాత సరిచూసుకోండి. మీ అంచనా తరచూ నిజమవుతున్న రోజున ఆటో మోడ్ మీద భయభక్తులు రెండూ పోతాయి.

షట్టర్ వేగం, అంటే ఒక ఫోటోకి కెమెరా ఎంతసేపు వెలుతురు లోపలికి రానిస్తుందన్నది, దాని గురించి రెండే మాటలు. నడిచే మనిషికి 1/250 సెకను, కొబ్బరికాయల సైకిలుకి 1/500, కాలవలోకి దూకే పిల్లలకి 1/1000. కెమెరాలో షట్టర్ ప్రయారిటీ (వేగం మీరు పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్) పెట్టి, ఐఎస్ఓని (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) ఆటోకి వదిలేయండి. ఫోన్‌లో బర్స్ట్ (వరసగా చకచకా చాలా ఫోటోలు తీసేది) పెట్టుకోండి. ఐఎస్ఓ పెరిగి ఫోటోలో కాస్త రవ్వలాంటి చుక్కలు కనిపించినా ప్రింటులో ఎవరూ పట్టించుకోరు. కదిలిపోయిన ముఖాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు.

4. ఇప్పుడు మనుషుల దగ్గరికి వెళ్ళండి

మొదలే వీధిలో పోయేవాళ్ళ జోలికి పోకండి. పని చేసుకుంటున్న మనిషిని ఎంచుకోండి. చేతులు పనిలో ఉన్నవాళ్ళు కెమెరా ముందు బిగుసుకుపోరు. మీరు కూడా ముఖంలోకే చూస్తూ నిలబడక్కర్లేదు. అంబాజీపేట చుట్టుపక్కల కొబ్బరి రాశుల దగ్గర ఒలుపు పని జరుగుతుంటే అదే మంచి బడి.

మాట ఇలా కలపండి:

"నమస్కారమండీ బాబాయ్ గారూ. పక్క వీధిలో మాస్టారి అబ్బాయినండి. ఫోటోలు నేర్చుకుంటున్నాను. మీరు కాయ ఒలుస్తుంటే రెండు తీసుకోవచ్చాండీ?"

"నా ఫోటో ఎందుకండీ బాబూ, ఒంటి మీద చొక్కా కూడా లేదు!"

"అలాగే బాగుందండీ. ప్రింటు తెచ్చి ఇస్తాను."

"ఎవరి తాలూకు" అన్నదానికి జవాబు వాళ్ళు అడగకముందే చెప్పేశారు చూడండి. ఈ జిల్లాల్లో సగం తలుపులు ఆ ఒక్క ముక్కతో తెరుచుకుంటాయి. పొరుగూరి వాళ్ళయితే ఎవరి ఇంటికి వచ్చారో చెప్పండి. ఎవరూ లేకపోతే ఊరి మొదట్లో టీ కొట్టు దగ్గర కాసేపు కూర్చుని వచ్చిన పని చెప్పండి. మీకంటే ముందే కబురు వీధి చివరికి చేరుతుంది.

ఒప్పుకోగానే ఆయన కండువా సర్దుకుని నిటారుగా నిలబడతారు. ఆ ఫోటో కూడా శ్రద్ధగా తీయండి, స్క్రీన్ మీద చూపించండి. ఆయనకు కావలసింది అదే. అది అయ్యాక మళ్ళీ పనిలో పడతారు. మీ ఫోటో అప్పుడు మొదలవుతుంది. వెంటనే నొక్కేయకండి. కెమెరా కిందకి దించి నాలుగైదు కాయలు ఒలవడం చూడండి. నేలలో నిలబెట్టిన గునపం మొనకు కాయను గుచ్చుతారు, మణికట్టు ఒక తిప్పు తిప్పుతారు, డొక్క ఒక పక్క విడుతుంది. కాయను కాస్త జరిపి మళ్ళీ అదే. ప్రతి మనిషికీ ఒక లయ ఉంటుంది. డొక్క విడిపోయే క్షణానికి ముందు భుజం కిందకి వంగడం మీ కంటికి అందుతుంది. ఇప్పుడు ఆ చేతుల ఎత్తుకి మోకాళ్ళ మీద కూర్చుని, భుజం వంగగానే నొక్కండి. పక్క నుంచి వెలుతురు ఉంటే పీచు నలుసులు గాల్లో లేవడం కూడా పడుతుంది. ఆ గునపం మొన ప్రమాదకరం. మీరు అడ్డొచ్చి ఆయన చెయ్యి తప్పేలా చేయకండి.

వద్దంటే "సరేనండీ, పర్లేదు" అని నవ్వి వచ్చేయండి. తీసిన ఫోటో డిలీట్ చేయమంటే వాళ్ళ ముందే చేసేయండి. స్నానాల రేవుల్లో ఆడవాళ్ళ వైపు కెమెరా పెట్టడం అసలే కూడదు. పిల్లల ఫోటోలకి పెద్దవాళ్ళని అడగాలి. ఫోటో తీసుకోమన్నారంటే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకోమన్నట్టు కాదు, అది విడిగా అడగండి. గుడి గర్భాలయంలోకి కెమెరా ఎత్తకండి.

అమ్మాయిలు ఈ అడుగు వేయడానికి ఒక స్నేహితురాలిని వెంటబెట్టుకుంటే నిశ్చింతగా ఉంటుంది. పైగా మగవాళ్ళకు అంత సులువుగా దొరకని చోట్లు మీకు దొరుకుతాయి. ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇళ్ళు అందుకు మంచి ఉదాహరణ. బోర్లించిన కుండ కింద మంట ఉంటుంది. పల్చటి బియ్యప్పిండి జావలో తడిపిన గుడ్డని కుండ మీద ఒక్కసారి లాగుతారు, కన్ను మూసి తెరిచేలోపు రేకు లేస్తుంది. కిటికీకో గుమ్మానికో ఎదురుగా, రేకు మీకూ వెలుతురుకీ మధ్య వచ్చేలా కూర్చోండి. రేకులోంచి అవతల వేళ్ళ నీడ కనబడాలి. వెలుతురు వైపు నుంచి తీస్తే రేకు ఉత్త తెల్లకాగితమే.

ఇంకో సంగతి. కొబ్బరి తోటలో నడి మధ్యాన మనిషి ఫోటో తీస్తే ముఖం మీద ఎండ మచ్చలు పడతాయి, పైన ఆకుల రంగు దిగి చర్మం పచ్చగా కనిపిస్తుంది. మనిషిని తోట అంచుకి, ఆకాశం కాస్త తెరుచుకున్న చోటుకి రమ్మనండి. నీడలోనే ఉంటూ బయటి వైపు ముఖం తిప్పితే చాలు. ఫ్లాష్ వేయకండి.

5. ప్రింటు తీయించి ఇచ్చేయండి

నిజంగా నిలదొక్కుకునేది ఇక్కడ. మాట ఇచ్చిన ప్రింటు పట్టుకుని అదే మనిషి దగ్గరికి తిరిగి వెళ్ళండి. 6×4 ప్రింటుకి పెద్ద ఖర్చేం కాదు. ఎక్కడో ఎవరో కొట్టిన లైకు కంటే, "మా ఆవిడకి చూపిస్తానుండండి" అంటూ చేతులు తుడుచుకుని లోపలికి తీసుకెళ్ళే మనిషి మీ పని గురించి మీకు ఎక్కువ చెబుతాడు. రెండోసారి మీరు పరిచయం చేసుకోనక్కర్లేదు. ఆయనే పక్క రాశి వాళ్ళని పిలిచి, "ఫోటోల అబ్బాయి వచ్చాడర్రా" అంటాడు.

ప్రింటుకి ఎంచడం దానికదే ఒక చదువు. ఒక పూట తీసినవాటిలో మూడు మాత్రమే ఉంచుకోండి. తీసిన రోజే ఎంచకండి, ఆ రోజు ప్రతిదీ బాగున్నట్టే ఉంటుంది. వారం ఆగి చూడండి. మిమ్మల్ని మొహమాటానికి మెచ్చుకోని మనిషిని ఒకరిని చూసుకుని ఆ మూడూ చూపించండి. "బాగుంది" అంటే వదలకండి, "ముందు నీ కన్ను ఎక్కడ పడింది?" అని అడగండి. మీరు అనుకున్నచోట పడకపోతే ఫ్రేములో అనవసరమైనది ఏదో ఉందన్నమాట. మామూలుగా అది వెనకాల ఉన్న కరెంటు స్తంభమో, ప్లాస్టిక్ కుర్చీయో అయి ఉంటుంది.

రాజమహేంద్రవరం వెళ్ళినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి ఒక గంట కేటాయించండి. 1897లో పుట్టి 1925లోనే పోయిన ఆ చిత్రకారుడు ఈ నేలనీ ఈ మనుషుల్నీ గీశాడు. ఒక్క బొమ్మ ముందు నిలబడి వెలుతురు ఏ వైపు నుంచి వస్తోంది, మనిషి చుట్టూ ఎంత ఖాళీ వదిలాడు అని చూడండి. కెమెరా ధరతో సంబంధం లేని పాఠం అది.

6. ఒక తీర్థంలో పరీక్షించుకోండి

కనుమ నాడు కోనసీమలోని జగ్గన్నతోటకి వెళ్ళండి. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు (వెదురుతో కట్టి అలంకరించిన పొడవాటి చట్రాలు) ఆ కొబ్బరి తోటలో కొలువు తీరతాయి. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో మన రాష్ట్ర శకటంగా ఢిల్లీకి వెళ్ళింది ఈ ప్రభల తీర్థమే. బెరుకున్నవాడికి ఇంతకంటే సుఖమైన చోటు లేదు, ప్రతివాడి చేతిలోనూ ఫోనే, మిమ్మల్ని చూసే తీరిక ఎవరికీ ఉండదు.

గంగలకుర్రు వైపు ప్రభల్ని చేలకు అడ్డంగా, కౌశిక అనే పాయ నీళ్ళల్లోంచి భుజాల మీద మోసుకొస్తారు. మోసేవాళ్ళకి ఎదురు వెళ్ళకండి, ఒక్కసారి కదిలితే వాళ్ళు ఆగలేరు. పొద్దున్నే వెళ్ళి గట్టు మీద కాస్త ఎత్తయిన చోటు చూసుకుని అక్కడే ఉండండి. ప్రభ పొడుగు కాబట్టి ఫోన్ నిలువుగా పట్టండి. మరీ దగ్గరగా వెళ్ళి పైకెత్తి తీస్తే వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది, నాలుగడుగులు వెనక్కి జరగండి. ప్రభ మొత్తం ఒకసారి తీశాక దాన్ని వదిలేసి కింద చూడండి. వెదురు కింద నలిగే భుజాలు, బురదలో దిగబడ్డ కాళ్ళు, "ఓహరా" అనే నోళ్ళు. ఇంటికెళ్ళాక మిగిలే మూడూ బహుశా వీటిలోంచే వస్తాయి.

7. సామాను కాపాడుకోండి, తర్వాత కొనండి

డెల్టా తేమ లెన్సులకి శత్రువు. కెమెరాని తోలు సంచిలో పెట్టి బీరువా అడుగున దాస్తే లోపల అద్దానికి బూజు పడుతుంది. మూత గట్టిగా బిగిసే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. పొట్లాలు కొన్నాళ్ళకోసారి మార్చండి. అప్పుడప్పుడూ కెమెరాని బయటికి తీసి వాడుతుండడం కూడా మందే. ఏసీ గదిలోంచి బయటికి రాగానే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది. తుడవకండి, కాసేపు సంచిలోనే ఉంచి ఆ తర్వాత తీయండి. అంతర్వేది ఒడ్డు నుంచి వచ్చాక ఉప్పు తేమని కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో, ఆ వెంటనే పొడిగుడ్డతో తుడవండి. ఫోన్ లెన్సుని అయితే ప్రతిసారీ తీసేముందు తుడవాలి. జేబులో జిడ్డు వల్లే సగం ఫోటోలు మసకబారుతున్నాయి.

ఒక సార్వా, ఒక దాళ్వా ఇలా గడిచాక కొనాలనిపిస్తే మొదట రెండో బ్యాటరీ కొనండి, ఫోన్ వాళ్ళయితే పవర్ బ్యాంక్. ఆ తర్వాత డీఎస్ఎల్ఆర్ వాళ్ళకి 50 మి.మీ. ఎఫ్1.8 లెన్సు, అంటే వెలుతురు ఎక్కువగా లోపలికి రానిచ్చేది. చవకలో దొరికే మంచి లెన్సు అదే, సాయంత్రం ఇళ్ళలో తీయడానికి పనికొస్తుంది. పాతది కొంటుంటే రెండు మూతలూ తీసి, ఒక వైపు నుంచి ఫోన్ టార్చి వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు ఒకటీ అరా ఉంటే ఫర్వాలేదు. సాలెపోగుల్లాంటి సన్నని గీతలు కనబడితే అది బూజు, ధర ఎంత తగ్గించినా తీసుకోకండి.